క్రీడోత్సవ వాలంటీర్లకు ఐదేళ్ల తర్వాత ఏం మిగిలింది? తిరుపతి నుంచి పరిశోధించేవారికి సమగ్ర మార్గదర్శి

పెద్ద క్రీడోత్సవం ముగిసిన వారంలో వాలంటీర్లను ఎవరిని అడిగినా ఒకటే జవాబు వస్తుంది: మరిచిపోలేని అనుభవం, మళ్లీ పిలిస్తే మళ్లీ వస్తాం. ఆ జవాబులకు శాతాలు కట్టి ‘ప్రభావం’ అని పేరు పెట్టిన డిసర్టేషన్లు లైబ్రరీల్లో బోలెడు. అవి కొలిచింది ముగింపు రోజు ఉత్సాహాన్ని. శాశ్వత ప్రభావం తేల్చాలంటే మూడేళ్లో, ఐదేళ్లో, ఇరవయ్యేళ్లో గడిచాక వాళ్లు ఏం చేస్తున్నారో చూడాలి. అలాంటి నేపథ్యమే ఉండి ఆ క్రీడలకు వెళ్లనివాళ్లు ఏం చేస్తున్నారో కూడా చూడాలి. అందుకే ఈ పనిలో ప్రశ్నావళి చివర్లో వచ్చే వస్తువు. మనుషుల జాబితా, పోలిక గుంపు ముందు కుదరాలి. ఆ రెండూ లేకుండా గూగుల్ ఫారం వాట్సాప్ గ్రూపుల్లో తిప్పితే, ఇప్పటికీ ఆ గ్రూపులో ఉన్న ఉత్సాహవంతులే జవాబిస్తారు. మిగతావాళ్లు ఎటు పోయారో తెలియదు. తెలియాల్సింది వాళ్ల గురించే.

ముందు తేల్చుకోవాల్సింది: ఏ క్రీడలు, వెనక్కి చూడాలా, ముందుకా

తిరుపతిలో కూర్చుని ఈ పరిశోధన చేసేవారికి మూడు దారులున్నాయి.

మొదటిది బాగా వెనక్కి చూడటం. హైదరాబాద్ వేదికగా 2002 డిసెంబరులో జాతీయ క్రీడలు, 2003 అక్టోబరు చివర ఆఫ్రో ఆసియా క్రీడలు, 2007 అక్టోబరులో ప్రపంచ మిలిటరీ క్రీడలు జరిగాయి. అప్పుడు డిగ్రీ చదువుతున్నవాళ్లు ఇప్పుడు ముప్పైల చివర్లోనో, నలభైల్లోనో ఉంటారు. ఉద్యోగం, పెళ్లి, పిల్లలు అన్నీ అయిపోయిన వయసు కాబట్టి జీవితకాల ప్రభావం చూడటానికి ఇది మంచి గుంపు. జ్ఞాపకాలు అరిగిపోయి ఉండటం, ఫోన్ నంబర్లు మారిపోవడం ఇక్కడి ఇబ్బందులు.

రెండోది దగ్గరి గతం. 2019 నవంబరులో జాతీయ అంతర్ జిల్లాల జూనియర్ అథ్లెటిక్స్ మీట్ తిరుపతిలోనే జరిగింది. స్థాయి చిన్నదే అయినా పద్ధతిని పరీక్షించుకోవడానికి పనికొస్తుంది. అప్పటి అధ్యాపకులు, ఫిజికల్ డైరెక్టర్లు చాలావరకు అందుబాటులో ఉంటారు. ఆ మీట్ అయిన నాలుగు నెలలకే కోవిడ్ లాక్‌డౌన్ వచ్చిందన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. ఆ తర్వాత సేవా కార్యక్రమాలు పెరిగినా తగ్గినా ఆటల వల్లే అనడానికి వీల్లేదు. పోలిక గుంపు ఎందుకో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అక్కర్లేదు.

మూడోది ముందుకు చూడటం. 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు దక్కాయి. ఇక్కడి నుంచి దరఖాస్తు చేసేవాళ్లను ఎంపికకు ముందే పట్టుకుని, క్రీడలకు ముందు ఒకసారి, క్రీడలయ్యాక ఆరు నెలలకు ఒకసారి, రెండేళ్లకు మరోసారి అడిగితే అదే అసలైన పరిశోధన. పీహెచ్‌డీ గడువులో ఇది పూర్తి కాదు. ఒక విభాగం మొత్తం కలిసి ఎత్తుకోవాల్సిన పని.

పీజీ డిసర్టేషన్‌కు నాలుగైదు నెలలే ఉంటే ఇవేవీ వద్దు. పదిహేను ఇరవై లోతైన ఇంటర్వ్యూలు చేసి, ‘వాలంటీర్లు తమ అనుభవాన్ని ఎలా అర్థం చేసుకున్నారు’ అన్న శీర్షిక పెట్టుకోవడం నిజాయితీ. శీర్షికలో ‘ప్రభావం’ అని రాస్తే వైవాలో మొదటి ప్రశ్న అక్కడే పడుతుంది.

ప్రభావం అంటే ఏమిటో మూడు ముక్కల్లో

సినాప్సిస్‌లో, అంటే పరిశోధన ప్రతిపాదనలో, పది ఫలితాలు రాసుకుంటే ఏ ఒక్కటీ సరిగ్గా కొలవలేరు. మూడు చాలు. ఒకటి తర్వాతి కాలంలో చేసిన సేవ, రెండోది ఉద్యోగం లేదా నైపుణ్యం, మూడోది మిగిలిన పరిచయాలు. మనసు బాగుందా లేదా అన్నది కూడా కావాలంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు ప్రశ్నల సూచిక ఉంది. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 5, మొత్తం 25, దాన్ని 4తో గుణిస్తే శాతం.

ప్రతి ఫలితాన్నీ అభిప్రాయంగా కాకుండా చేసిన పనిగా అడగాలి. ‘సేవాభావం పెరిగిందా?’ అంటే లేదనేవాడు ఉండడు. ‘గత 12 నెలల్లో జీతం తీసుకోకుండా, కుటుంబం కోసం కాకుండా, ఏ పని ఎన్ని రోజులు చేశారు? ఏ సంస్థతో?’ అంటే అంకె వస్తుంది. పరిచయాల విషయంలోనూ అంతే. ‘అక్కడ కలిసినవారిలో గత ఏడాది ఎంతమందితో ఫోన్లో మాట్లాడారు? ఎవరినైనా ఉద్యోగానికో, డబ్బుకో, ఆస్పత్రి పనికో సాయం అడిగారా?’ అని అడగాలి.

చెడు ప్రభావానికీ చోటు పెట్టాలి. సొంత డబ్బు ఎంత ఖర్చయింది, హాజరు పోయిందా, పరీక్ష తప్పిందా, మాటిచ్చిన సర్టిఫికెట్ వచ్చిందా అని అడగాలి. టోక్యో ఒలింపిక్స్‌కు తీసుకున్న సుమారు 80 వేల మందిలో దాదాపు 10 వేల మంది మొదలవకముందే తప్పుకున్నారు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లోనూ శిక్షణ పొందిన వాలంటీర్లు పెద్దసంఖ్యలో మానేశారని అప్పటి పత్రికలు రాశాయి. మధ్యలో వెళ్లిపోయినవాళ్లను వదిలేసి, చివరిదాకా ఉన్నవాళ్లనే అడిగితే ఫలితం తియ్యగానే వస్తుంది.

జాబితా: మొత్తం పనిలో సగం శ్రమ ఇదే

క్రీడోత్సవ నిర్వాహక కమిటీ తాత్కాలిక సంస్థ. క్రీడలయ్యాక కొన్ని నెలల్లో మూతపడుతుంది, కంప్యూటర్లూ ఫైళ్లూ చెల్లాచెదురవుతాయి. కాబట్టి జాబితాను నాలుగు వైపుల నుంచి పోగుచేయాలి.

కాలేజీలతో మొదలుపెట్టండి. మన ప్రాంతంలో వాలంటీర్లు ఎక్కువగా ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌సీసీ, వ్యాయామ విద్య విభాగాల ద్వారానే వెళ్తారు. ప్రోగ్రామ్ ఆఫీసర్ దగ్గరి డ్యూటీ లీవు ఉత్తర్వులు, రైలు కన్సెషన్ పత్రాలు, సర్టిఫికెట్ల పంపిణీ రిజిస్టరు వెతికించండి. గౌరవంగా ఒక లేఖ, దానిమీద గైడ్ సంతకం, ప్రిన్సిపాల్‌కు ఒక కాపీ ఉంటే బీరువా తెరుచుకుంటుంది.

రెండో వైపు సమాచార హక్కు. క్రీడా ప్రాధికార సంస్థకు దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇక్కడ చాలామంది పేర్లు, ఫోన్ నంబర్లు అడిగి తిరస్కరణ తెచ్చుకుంటారు, ఎందుకంటే వ్యక్తిగత సమాచారానికి చట్టంలోనే మినహాయింపు ఉంది. పేర్లు అడక్కండి. దరఖాస్తు చేసినవారెందరు, ఎంపికైనవారెందరు, చివరిదాకా పనిచేసినవారెందరు, ఆడ మగ ఎంతెంత, జిల్లాలవారీగా ఎందరు, ఏ విభాగంలో ఎందరు అని సంఖ్యలు మాత్రమే అడగండి. మీ చేతిలోని జాబితా మొత్తానికి ప్రతినిధిగా ఉందో లేదో ఈ సంఖ్యలతోనే తేలుతుంది.

మూడోది పాత జిల్లా ఎడిషన్ పత్రికలు. నాలుగోది ఒకరి ద్వారా మరొకరిని పట్టుకోవడం. ఈ నాలుగోదానితో జాగ్రత్త: స్నేహితుడు స్నేహితుణ్నే చూపిస్తాడు. ఎవరి ద్వారా ఎవరొచ్చారో ఒక గడిలో రాసుకోండి, ఒక్కరి నుంచి ముగ్గురికి మించి తీసుకోకండి.

చిరునామాల దగ్గర స్థానికంగా ఒక చిక్కుంది. 2022 ఏప్రిల్ 4న చిత్తూరు జిల్లా విడిపోయింది. పాత రిజిస్టర్లో ‘చిత్తూరు జిల్లా’ అని ఉన్న మనిషి ఊరు ఇప్పుడు తిరుపతి జిల్లాలోనో, మరో కొత్త జిల్లాలోనో ఉండొచ్చు. నెల్లూరు జిల్లా నుంచి వచ్చి తిరుపతిలో కలిసిన మండలాలూ ఉన్నాయి. జిల్లా పేరుతో కాకుండా మండలం, గ్రామం పేర్లతో జాబితా కట్టుకుంటే ఈ గొడవ ఉండదు. ఆడవాళ్ల విషయంలో పెళ్లయ్యాక ఇంటిపేరు, ఊరు రెండూ మారతాయి. పుట్టింటి చిరునామా, తండ్రి పేరు, హాల్‌టికెట్ నంబరు పట్టుకుంటే దొరుకుతారు. వాళ్లను వెతకడం కష్టమని వదిలేసిన అధ్యయనాల్లో ‘మగవాళ్లకే ప్రభావం ఎక్కువ’ అన్న ముగింపు దొంగదారిన వచ్చి కూర్చుంటుంది.

జాబితాలో ఎవరిని చేర్చాలో కూడా ముందే రాసుకోవాలి. ప్రారంభోత్సవంలో నృత్యం చేయడానికి బడి నుంచి తీసుకెళ్లిన పిల్లలు, రోజు కూలీకి కుర్చీలు మోసినవాళ్లు, డ్యూటీ మీద వచ్చిన ఉద్యోగులు వాలంటీర్లు కారు. తానుగా దరఖాస్తు చేసుకున్నవారినీ, ‘మీ బ్యాచ్ వెళ్లాలి’ అని కాలేజీ పంపినవారినీ వేర్వేరు గడుల్లో పెట్టండి. ఈ రెండు గుంపుల ఫలితాలు కలిపేస్తే ఏదీ అర్థం కాదు.

పోలిక గుంపు ఎవరు

క్రీడలకు వెళ్లినవాళ్లలో 60 శాతం ఇప్పటికీ సేవ చేస్తున్నారనుకుందాం. గొప్పే. కానీ వాళ్లు అసలే సేవ చేసే స్వభావం ఉండి వెళ్లినవాళ్లయితే? ఆ 60లో ఆటల వాటా ఎంత?

అన్నింటికంటే మంచి పోలిక, దరఖాస్తు చేసి ఎంపిక కానివాళ్లు. ఉత్సాహం ఇద్దరికీ ఒకటే, అవకాశం ఒకరికే దక్కింది. 2012 లండన్ ఒలింపిక్స్‌కు సుమారు 2 లక్షల 40 వేల దరఖాస్తులొస్తే 70 వేల మందిని తీసుకున్నారు. అంటే తిరస్కరణకు గురైనవాళ్లు ఎంపికైనవాళ్లకు రెట్టింపు కంటే ఎక్కువ. అలాంటి జాబితా దొరికితే వదలకండి. 2030 కోసం ఇప్పటినుంచే సిద్ధమయ్యేవారు దరఖాస్తుదారులను ఎంపికకు ముందే నమోదు చేసుకోవాలనడం ఇందుకే. అయితే ఎంపిక ఇంటర్వ్యూలో ఇంగ్లిష్, హిందీ బాగా వచ్చినవాళ్లు గట్టెక్కి ఉంటారు కాబట్టి, భాషలు, చదువు, ఊరు పట్నమా పల్లా అన్నవి రెండు వైపులా రాసుకుని సరిచూసుకోవాలి.

అది దొరక్కపోతే అదే కాలేజీ, అదే సంవత్సరం, అదే ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్‌లో ఉండి క్రీడలకు వెళ్లనివారిని తీసుకోండి. ఎన్‌ఎస్‌ఎస్‌లో రెండేళ్లకు 240 గంటల సేవ, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఇద్దరికీ సమానంగా ఉంటాయి. యూనిట్‌లో లేని మామూలు విద్యార్థితో పోలిస్తే, ఎన్‌ఎస్‌ఎస్ చేసిన మేలంతా క్రీడల ఖాతాలో పడిపోతుంది.

తిరుపతికి మాత్రమే ఉన్న చిక్కు ఇంకొకటి. ఈ ఊళ్లో సేవ కొత్త కాదు. శ్రీవారి సేవ 2000లోనే మొదలైంది. బ్రహ్మోత్సవాల్లో క్యూలైన్ల దగ్గర, అన్నప్రసాదం దగ్గర పనిచేసిన అనుభవం ఒక్కో ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఉండొచ్చు. జనాన్ని అదుపు చేయడం, పన్నెండు గంటలు నిలబడటం, విసుక్కోకుండా దారి చెప్పడం వీళ్లు స్టేడియంలో నేర్చుకుని ఉండకపోవచ్చు, కొండమీదే నేర్చుకుని ఉండొచ్చు. కాబట్టి ‘క్రీడలకు ముందు మూడేళ్లలో దేవస్థానం సేవ, సత్సంగం, రక్తదాన శిబిరం, రోటరీ లాంటివాటిలో పాల్గొన్నారా, ఎన్ని రోజులు’ అన్న ప్రశ్న తప్పనిసరి. విశ్లేషణలో గతంలో సేవ చేసినవారిని, చేయనివారిని విడదీసి చూడండి. ప్రభావం అనేది ఉంటే రెండో గుంపులోనే స్పష్టంగా కనిపించాలి.

ఎంతమంది కావాలి

వంద అనేది అందంగా ఉంటుందని వంద తీసుకోవడం మానండి. పోలిక గుంపులో 30 శాతం, వాలంటీర్లలో 45 శాతం సేవ చేస్తున్నారని ఊహిస్తే, ఆ 15 పాయింట్ల తేడాను పట్టుకునే అవకాశం (స్టాటిస్టికల్ పవర్) 80 శాతం ఉండటానికి ఒక్కో గుంపులో సుమారు 160 మంది కావాలి. తేడా 10 పాయింట్లే, అంటే 30కి 40 అయితే, ఒక్కో గుంపుకు 355 దాకా కావాలి. పాత నంబర్లు, వలసలు, నిరాకరణలతో పది మందిలో నలుగురు దొరకరని లెక్కేసుకుంటే 160 పూర్తి జవాబులకు 267 పేర్లతో మొదలుపెట్టాలి. అన్ని పేర్లు జాబితాలో లేవంటే అంకెల పరిశోధన వదిలేసి ఇంటర్వ్యూల వైపు వెళ్లండి. అందులో చిన్నతనమేమీ లేదు.

ప్రశ్నావళిలో తప్పులు జరిగే చోట్లు

ఉద్దేశాలను కొలవడానికి వాలంటీర్ ఫంక్షన్స్ ఇన్వెంటరీ అనే 30 ప్రశ్నల సాధనం ప్రసిద్ధం. విలువలు, అవగాహన, సాంఘికం, వృత్తి, రక్షణ, ఆత్మోన్నతి అని ఆరు ఉద్దేశాలు, ఏడు మెట్ల కొలత. తెలుగులోకి ఒకరు మార్చి, దాన్ని చూడని మరొకరు తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్చి, రెండూ పోల్చాలి. ఆ తర్వాత ఆరేడుగురి చేత పైకి చదివించి ‘ఈ ప్రశ్న మీకేమర్థమైంది?’ అని అడగాలి. ఫోన్లో అడిగేటప్పుడు ఏడు మెట్లు ఎవరికీ గుర్తుండవు. ఐదుకు తగ్గించండి, తగ్గించామని థీసిస్‌లో రాయండి. పైలట్ 30 మందితో చేసి, ఒక్కో ఉద్దేశం కింద క్రోన్‌బాక్ ఆల్ఫా (ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొసుగుతున్నాయో చెప్పే అంకె) 0.7 కంటే తక్కువొస్తే ఆ ప్రశ్నల తెలుగు మళ్లీ చూసుకోండి.

‘మీరు వాలంటీరుగా పనిచేశారా?’ అని మాత్రం అడగకండి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 ఆగస్టు తర్వాత ఆ మాట వింటే గౌరవ వేతనం తీసుకుని పింఛన్లు ఇంటికి తెచ్చిచ్చిన గ్రామ, వార్డు వాలంటీరే గుర్తొస్తారు. రాజకీయంగా కూడా బరువున్న మాట. సగం మంది ‘మేం కాదండీ’ అంటారు, కొందరు ఫోన్ పెట్టేస్తారు. ‘ఫలానా క్రీడలప్పుడు జీతం లేకుండా పనిచేశారా, ఐడీ కార్డు, డ్రెస్సు ఇచ్చారా’ అని విడమర్చి అడగాలి.

ఇరవయ్యేళ్ల నాటి సంగతులకు జ్ఞాపకాన్ని కొక్కేలకు తగిలించాలి. ఇంటర్వ్యూకు ముందు ఒక కాగితంపై సంవత్సరాలు వరసగా గీసి, అందరికీ గుర్తుండేవి రాసిపెట్టండి: 2003 గోదావరి పుష్కరాలు, అదే ఏడాది అక్టోబరు 1న అలిపిరి పేలుడు, 2009 సెప్టెంబరులో ముఖ్యమంత్రి మరణం, 2014 రాష్ట్ర విభజన, 2020 లాక్‌డౌన్, 2021 నవంబరులో తిరుపతిని ముంచిన వరద. ఆఫ్రో ఆసియా క్రీడలు జరిగింది అలిపిరి ఘటన తర్వాత మూడు వారాలకే. ఆ మాట చెప్పగానే అప్పుడు ఏ హాస్టల్లో ఉన్నారో, ఏ బస్సెక్కారో బయటికొస్తుంది. తర్వాత సొంత మలుపులు, అంటే మొదటి ఉద్యోగం, పెళ్లి, ఊరు మారడం, అదే గీత మీద పెట్టించండి. సేవ ఎప్పుడు ఆగింది, మళ్లీ ఎప్పుడు మొదలైంది అన్నది ఈ గీత మీద కంటికి కనిపిస్తుంది. ఆడవాళ్లలో పెళ్లి దగ్గర, మగవాళ్లలో ఉద్యోగం దగ్గర సేవ తెగిందేమో విడివిడిగా చూడండి.

క్రీడల్లో చేసిన పని వివరంగా రాయండి. విభాగం, రోజులు, రోజుకు గంటలు, జట్టులో ఎంతమంది, బస ఎక్కడ, టీం లీడర్ ఎలా చూసుకున్నారు అన్నీ రావాలి. ఎండలో పార్కింగ్ గేటు దగ్గర నిలబడి ఒక్క ఆటా చూడనివారికీ, విదేశీ జట్టుకు తోడుగా పది రోజులు తిరిగినవారికీ ఒకే ‘అనుభవం’ అంటే కుదరదు.

ఇంకో ప్రశ్న ఎక్కువమంది మరిచిపోతారు: ‘క్రీడలయ్యాక మిమ్మల్ని ఎవరైనా మళ్లీ పిలిచారా? ఎంత కాలానికి?’ 2002 మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడల్లో సుమారు 10 వేల మంది వాలంటీర్లు పనిచేశారు. క్రీడలయ్యాక అక్కడివాళ్లు ఆ జాబితాను పారేయకుండా, నగరంలో జరిగే ఇతర కార్యక్రమాలకు వాళ్లనే పిలిచే ఏర్పాటు చేశారు. అక్కడ కనిపించే ప్రభావంలో క్రీడల వాటాతోపాటు ఆ పిలుపు వాటా కూడా ఉంది. మన దగ్గర పిలుపు లేకపోవడమే ప్రభావం చల్లారడానికి కారణమా అన్నది, మా దృష్టిలో, ఈ అంశం మొత్తంలో ఎక్కువ ఉపయోగపడే ప్రశ్న.

నగరి, పుత్తూరు, చిత్తూరు సరిహద్దు ఊళ్లలో తమిళం, కుప్పం వైపు తమిళం, కన్నడం ఇంటి భాషలు. తెలుగు వచ్చినా మనసులో మాట ఇంటి భాషలోనే వస్తుంది. ఆ భాష వచ్చిన ఒకరిని వెంట పెట్టుకోండి.

ఫీల్డు పని

ఫోన్ సర్వే 20 నిమిషాలు దాటకూడదు. ఒకరు రోజుకు ఎనిమిది పూర్తి చేస్తే గొప్ప. జవాబివ్వని నంబరుకు వేర్వేరు వేళల్లో ఆరుసార్లు ప్రయత్నించాకే ‘దొరకలేదు’ అని రాయాలి. సాయంత్రం ఆరు తర్వాత, ఆదివారం మధ్యాహ్నం ఎక్కువగా ఎత్తుతారు. బ్రహ్మోత్సవాల రోజుల్లో, సంక్రాంతి వారంలో తిరుపతివాళ్లకు ఫోన్ చేయడం దండగ. జవాబులు ఫోన్లోనే నమోదు చేసుకునే కోబో టూల్‌బాక్స్ ఉచితం, సిగ్నల్ లేని చోటా పనిచేస్తుంది.

ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ఒక్క ఫోన్ కూడా చేయొద్దు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం వచ్చాక నంబర్ల జాబితా కూడా బాధ్యతే. పేర్ల ఫైలు ఒకచోట, జవాబుల ఫైలు మరోచోట పెట్టి, రెంటికీ కోడ్ నంబరే వంతెనగా ఉంచాలి. టీం లీడర్ వేధింపుల గురించి ఎవరైనా చెబితే ఏం చేయాలో, ఎవరికి చెప్పాలో ముందే రాసుకుని ఉండాలి.

లోతైన ఇంటర్వ్యూలకు ఇష్టంగా మాట్లాడేవారినే కాక, మధ్యలో మానేసినవారు నలుగురిని, తర్వాత ఏ సేవా చేయనివారు నలుగురిని తప్పక తీసుకోండి. గంట రికార్డింగ్ రాతలోకి తేవడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. యాసను పుస్తక భాషలోకి ‘దిద్దకండి’. ‘ఊరికే పోయినాము, ఊరికే వచ్చినాము’ అన్న మాటను ‘ప్రయోజనం లేదు’ అని మారిస్తే అందులోని బాధ, వ్యంగ్యం రెండూ పోతాయి.

లెక్క కట్టడం, రాయడం

ముందు, తర్వాత కొలతలు రెండూ ఉంటే లెక్క సులువు. ఊహకు: వాలంటీర్లలో సేవ చేసేవారు 35 నుంచి 50 శాతానికి పెరిగారు, పోలిక గుంపులో 30 నుంచి 38కి. మొదటి పెరుగుదల 15, రెండోది 8. ఆటల వాటా కింద చెప్పుకోదగింది 7 పాయింట్లు. 15 అని రాస్తే తప్పు. ముందటి కొలత లేకుండా వెనక్కి చూసే అధ్యయనమైతే వయసు, చదువు, లింగం, గత సేవ సరిపోయేలా ఇద్దరిద్దరిని జతకట్టి పోల్చండి. ఈ లెక్కలకు వాడే ఆర్, జమోవి సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితమే.

దొరకనివారి సంగతి ఒక పట్టికగా ఇవ్వాలి: జాబితాలో ఎందరు, నంబరు పనిచేసింది ఎందరికి, ఒప్పుకున్నది ఎందరు. దొరికినవారికీ దొరకనివారికీ ఊరు, లింగం, విభాగాల్లో తేడా ఉందా చూడండి. ఆ తర్వాత, దొరకనివారెవరూ సేవ చేయడం లేదని అనుకుని లెక్క మళ్లీ కట్టండి. అప్పటికీ తేడా నిలిస్తే ధైర్యంగా రాయొచ్చు.

తేడా ఏమీ రాకపోతే గైడ్లు కంగారుపడి ‘ఆత్మవిశ్వాసం పెరిగింది’ లాంటి కొత్త ఫలితాన్ని వెతకమంటారు. లొంగకండి. ఏ ఫలితాలను, ఏ క్రమంలో పరీక్షిస్తారో డేటా రాకముందే రాసి, తేదీ వేసి, విభాగంలో దాఖలు చేసిపెట్టుకుంటే ఆ ఒత్తిడికి జవాబు మీ దగ్గరే ఉంటుంది. తేడా సున్నా అన్నది కూడా ఫలితమే, ఎంతమంది మీద ఎంత తేడా వరకు పట్టుకోగలిగేవారో పక్కనే రాసినంతకాలం.

థీసిస్ సమర్పించాక రెండు పేజీల తెలుగు సారాంశం రాసి జవాబిచ్చిన ప్రతి ఒక్కరికీ పంపండి, కాలేజీల ఎన్‌ఎస్‌ఎస్ అధికారులకు ఒక ప్రతి ఇవ్వండి. ఐదేళ్ల తర్వాత మళ్లీ అడగాలంటే ఆ నంబర్లే కావాలి. సారాంశం అందినవాళ్లు రెండోసారీ ఫోనెత్తుతారు.